నిమ్మాకులో తెల్ల దారి

"పీకి పారెయ్ మే ఆ చెట్టుని! ఆడ గేదెని కట్టేసుకుంటా," అని అరస్తా ఉండాడంట పెంచలయ్య.

"ముందు నన్ను పీకి, ఆనక దాన్ని పీకు," అనిందంట వాళ్ళావిడ చెంగమ్మ.

ఎవరు వీళ్ళంటావా? దుప్పటి కప్పుకో, చెప్తా. అనగనగా గూడూరు దిక్కున, చుట్టూ వరిమళ్ళే తప్ప నిమ్మచెట్టన్నదే లేని ఒక ఊరు. పెళ్ళై వస్తా చెంగమ్మ పుట్టింటి చెట్టుకి కట్టిన నిమ్మంటుని బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చుకునింది. అది నాటుకోని ఇగురేసిందో లేదో, ఆకులనిండా వంకరటింకర తెల్లగీతలు.

అప్పుడు చెంగమ్మ ఏమనుకునింది? పాము పాకిందనుకునింది. పుట్టకాడికి పోయి పాలు పోసొచ్చింది. గీతలు పోలా.

ఆ తర్వాత గీతలున్న కొనలన్నీ కత్తిరించింది. చెట్టు మళ్ళా ఇగురేసింది. మళ్ళా గీతలే.

ఆ తర్వాత ఇంకా పొట్టిగా కత్తిరించి, పేడెరువేసి, బిందెలు బిందెలు నీళ్ళు పోసింది. ఇగురు ఏపుగా వచ్చింది. గీతలు అంతకంటే ఏపుగా వచ్చినాయి. అప్పుడే ఈ గొడవ. "ఉగాదికల్లా బాగుపడకపోతే గడ్డపారెత్తుతా," అన్నాడు పెంచలయ్య.

చెంగమ్మ ఏడస్తా పుట్టింటికి పోయి జరిగిందంతా చెప్పింది. చూస్తే, అమ్మ చెట్టు ఆకుల్లోనూ అట్టాంటి గీతలే! కాయలు మాత్రం గుత్తులు గుత్తులు.

"పాము కాదు మే," అని నవ్వింది వాళ్ళమ్మ. "నూకగింజంత తెల్ల రెక్కలపురుగు. పొద్దుగూకినాక వచ్చి లేతాకు మీద నీటిబొట్టు లాంటి గుడ్డు పెడతాది. పిల్లపురుగు ఆకు పైపొర కింద దూరి, రసం తాగతా పోతాది. అది పోయిన దారే ఆ గీత. ఆనక ఆకంచు మడుచుకోని నిద్దరపోయి, రెక్కలతో లేస్తాది."

"మా ఊరికెట్టా వచ్చిందమ్మా?"

"నీ ఒళ్ళోనే! ఆకుమడతలో పడుకోని బస్సెక్కింది. నిమ్మ, నారింజ, చీనీ, ఏ అంటు యాడికి పోతే ఆడికి పోతాది, సముద్రాలు దాటైనా సరే. ముదిరిన ఆకు దానికి పనికిరాదు. నువ్వు కత్తిరించినప్పుడల్లా చెట్టు లేతాకేసింది. నువ్వే ఇస్తరేసి పిలిస్తివి గదా!"

చెంగమ్మ తిరిగొచ్చి కత్తెరని అటకెక్కించింది. ఉన్న ఆకులు ముదిరినాయి. పాతగీతలు పాతగీతలే, కొత్తయి రాలా.

ఉగాదికి పెంచలయ్య గడ్డపార ఎత్తుకోని వచ్చినాడు. చూస్తే, కొమ్మల్లో పిందెలు. గడ్డపారని అవతల పాతి, గేదెని దానికే కట్టేసినాడు.

కథేమో కంచి దారి పట్టింది,
పురుగేమో ఆకంచు చుట్టింది,
మనకేమో నిద్దర పుట్టింది.

అదట్టుండనీ. రేపు పొద్దున మన కుండీలో నిమ్మాకు మీద తెల్లగీత కనబడితే, నువ్వు కత్తెరెత్తుతావా, ఊరుకుంటావా?