సాలమ్మ నడిపిన బడి

ఎప్పటి మాటో చెప్పేవాళ్ళు లేరు. జరిగిందని మాత్రం అందరూ చెబుతారు. అనగనగా ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో సాలమ్మ అనే పంతులమ్మ. చెప్పులు కుట్టే ఇంట పుట్టి, పట్టుబట్టి చదువుకున్న మనిషి.

ఊళ్ళో సగం ఇళ్ళు గొర్రెల కాపర్లవి. పచ్చిక ఎండగానే మందలు ఏటి దిక్కుకు కదిలేవి. మంద వెంట తల్లిదండ్రులు, వాళ్ళ వెంట పిల్లలు. వానలకు తిరిగొచ్చేసరికి బడిలో పేర్లు కొట్టేసి ఉండేవి.

ఒక ఏడు ముసలి కాపరి బీరప్ప మనవరాలు మైలారమ్మ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. అంతలో మంద కదిలింది. సాలమ్మ పై అధికారుల దగ్గరికి వెళ్ళి, "బడిని మందతో పంపండి" అంది.

వాళ్ళు నవ్వారు. "మంద ఆగాలి గానీ బడి నడుస్తుందా?"

"పిల్లలు నడుస్తున్నారుగా" అంది సాలమ్మ.

పలకల మూట గాడిద మీద వేసి తానే నడిచింది. గొర్రెలు మేసేచోట పాఠం, నీళ్ళు తాగేచోట లెక్కలు, మంద దిగినచోట ఎక్కాలు. ఉద్యోగం పోయింది. కాపర్లు ఆమెను సర్పంచిని చేశారు.

సర్పంచిగా సమితిలో అడిగింది. "మంద ఆగాలి గానీ బడి నడుస్తుందా?" అన్నారు.

"పిల్లలు నడుస్తున్నారుగా" అంది.

జనం ఆమెను శాసనసభకు పంపారు. అక్కడ లేచి నిలబడింది. "మేం భిక్ష అడగడం లేదు, మా వాటా అడుగుతున్నాం" అంది. బల్లలు చరిచారు. "నడిచే బడెందుకమ్మా? మేడ కట్టిస్తాం, హాస్టలు ఇస్తాం" అన్నాడు మంత్రి. సాలమ్మ మురిసిపోయి ఒప్పుకుంది.

మేడ లేచింది. దాన్ని తెరవడానికి మంత్రి వచ్చే రోజు ఖాయమైంది. అది మందలు కదిలే రోజని, అన్నేళ్ళు మంద వెంట నడిచిన సాలమ్మకే తట్టలేదు.

కారులో మందకు ఎదురెళ్ళింది. "పెద్దయ్యా, ఈ ఒక్క ఏడూ ఆగండి."

"ఆగితే గడ్డి నువ్వు మొలిపిస్తావా పంతులమ్మా?" అన్నాడు బీరప్ప.

"పిల్లల్నైనా హాస్టల్లో వదలండి."

"ఈనిన గొర్రెలున్నాయి. మా పిల్లలు లేకపోతే గొర్రెపిల్లల్ని మంత్రిగారు ఎత్తుకుని నడుస్తారా?"

సాలమ్మకు చిరాకేసింది. "మంద ఆగాలి గానీ బడి నడుస్తుందా?" అనేసింది.

బీరప్ప కోప్పడలేదు. "ఈ మాట మాకు కొత్త కాదులే. నీ నోట వినడమే కొత్త."

మైలారమ్మ చంకలో ఇప్పుడు ఒక బిడ్డ. "నాకు సగం చదువైనా అబ్బింది టీచరమ్మా. దీనికి?" అంది.

సాలమ్మ కారు తిప్పి పంపేసింది. మేడ దగ్గర మంత్రి ఎదురుచూశాడు, ఎండకు తిట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం మంద వెంట నడిచింది.

మళ్ళీ ఎన్నికల్లో పార్టీ ఆమెను నిలబెట్టలేదు. అయినా ఏటేటా నడిచింది. మిగతా ఊళ్ళ కాపర్లు కూడా మాకూ బడి కావాలని కచేరీ ముందు గొర్రెలతో కూర్చున్నారు. చివరికి మందకొక పంతులును పంపక సర్కారుకు తప్పలేదు. ఆ తర్వాతే, ఏటి దారిలో, సాలమ్మ కన్నుమూసింది.

మేడ ముందు ఆమె విగ్రహం పెట్టారు. కాపర్లు దానికి దండ వేయరు. ఆమె ఒకచోట నిలబడే మనిషి కాదంటారు. ఇప్పటికీ మంద బయలుదేరే పొద్దున పంతులు వచ్చేదాకా ఒక్క గొర్రెను కదలనివ్వరు. ఆ పంతులు పేరేదైనా సరే, ఆలస్యమైతే ముసలివాళ్ళు దారివైపు చూసి ఒకటే అడుగుతారు: "సాలమ్మ ఇంకా రాలేదేం?"