గేటు దగ్గర ఆరిపోయిన విహారి

తెనాలిలో పున్నయ్య అనే కారు డ్రైవరు ఉండేవాడు. బండి నడపడంలో ఎంత నేర్పరో, ఒకరు చెబితే వినడానికి అంత మొండివాడు.

అతను పనిచేసే ట్రావెల్స్‌లో అన్నీ 'విహారి' బండ్లే. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ. పొలం బాటలోనూ పోతుంది, ఊళ్లో సందులోనూ దూరుతుంది. మొదట వచ్చిన విహారి అచ్చం ట్రంకుపెట్టెలా ఉండేది. స్టెపినీ చక్రం వెనక తలుపుకు వేలాడేది. అద్దం దించాలంటే పిడి పట్టుకుని తిప్పాలి. కొన్నేళ్లకు రెండో విహారి వచ్చింది. మూలలు నునుపుదేలాయి, స్టెపినీ బండి కడుపు కిందకు పోయింది, మీట నొక్కితే అద్దాలు దిగాయి. "ఉత్త షోకులు!" అని మూతి తిప్పాడు పున్నయ్య. వారం తిరక్కుండానే ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఈల వేశాడు.

తర్వాత మూడో విహారి దిగింది. దానికి తాళం తిప్పే పని లేదు, బొత్తాం నొక్కాలి. ముందు పలకంత తెర. షోరూమ్ మనిషి వచ్చి అన్నీ విడమరిచి చెబుతుంటే, కొత్తగా చేరిన డ్రైవరు రజియా పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. పున్నయ్య మాత్రం టీ కొట్టు బల్ల మీద నుంచి కదల్లేదు.

"రా బాబాయ్, ఇది పాతదానిలా కాదట" అని పిలిచింది రజియా.

"బండి మారితే మారనీ అమ్మాయ్! స్టీరింగ్ గుండ్రంగానే ఉందిగా" అన్నాడు పున్నయ్య.

ఆ ఆదివారమే పెళ్లి బేరం వచ్చింది. పెళ్లికొడుకు ఫణీంద్రను, అతని మేనత్తను, ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని పున్నయ్య, రజియా స్టార్ట్ చేసి ఉంచిన కొత్త విహారిలో రేపల్లె దారి పట్టాడు. దారిలో రైలు గేటు వేసి ఉంది. పట్టుబట్టల్లో పెళ్లికొడుక్కి చెమట పడుతుందని ఏసీ కోసం ఇంజన్ ఆపలేదు. న్యూట్రల్‌లో పెట్టి కాళ్లు చాపాడు. అంతే, ఇంజన్ దానంతటదే ఆరిపోయింది!

పున్నయ్య గబగబా దిగి బానెట్ ఎత్తి అటూ ఇటూ చూశాడు. మళ్లీ ఎక్కి, పాత బండ్ల అలవాటుగా కాలు క్లచ్ మీద పెట్టకుండానే బొత్తాం నొక్కాడు. దీపాలు వెలిగాయి గానీ ఇంజన్ పలకలేదు. ఇంతలో రైలు పోయింది, గేటు లేచింది, వెనక వాళ్లు హారన్లు మోగించారు.

"అందరూ దిగి కాస్త పక్కకు తొయ్యండి బాబూ!" అన్నాడు పున్నయ్య.

పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి తోశాడు. బాసికం చెవి మీదకు జారింది, బుగ్గచుక్క కరిగి గడ్డం దాకా కారింది. మేనత్త లబలబలాడింది. "ముహూర్తం దాటిపోతుందయ్యా! ఏం చేస్తావో చెయ్యి!"

మెకానిక్ తెనాలి నుంచి రావాలంటే గంట పడుతుంది. రజియాను అడగవచ్చు. కానీ ఏ మొహంతో అడగడం? పున్నయ్య ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. చెమటలు కక్కుతున్న ఫణీంద్ర బిక్కమొహం చూశాక ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా రజియా, బండి చచ్చిందే!"

"చావలేదు బాబాయ్. నిలబడ్డప్పుడు పెట్రోలు దండగ కాకుండా అదే ఆరుతుంది. క్లచ్ తొక్కితే అదే అంటుకుంటుంది. నువ్వు దిగి బానెట్ ఎత్తావా?"

"ఎత్తాను."

"అలా ఎత్తితే అది పూర్తిగా ఆగిపోతుంది, ఇక బొత్తామే నొక్కాలి. క్లచ్ పూర్తిగా తొక్కి నొక్కు."

నొక్కాడు. ఇంజన్ హాయిగా పలికింది. మేనత్త నోరు తెరిచి, "మరి మావాడు తోసింది దేనికి?" అంది. ముందు ఫణీంద్రే పకపకా నవ్వాడు. ఆ నవ్వుతోనే బండి కదిలింది. మేళగాళ్లు సన్నాయి అందుకునే వేళకు పందిట్లో దిగారు.

మర్నాడు పున్నయ్య జిలేబీ పొట్లంతో వచ్చి రజియా పక్క సీట్లో కూర్చున్నాడు. "ఆ తెరలో ఇంకా ఏమున్నాయో మొదటి నుంచీ చెప్పమ్మా" అన్నాడు. ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనకుండా చెప్పింది. అతను తెలియని ప్రతిచోటా ఆపి అడిగాడు.

నీతి: ఎంత అనుభవం ఉన్నవాడైనా కొత్తది ఎదురైనప్పుడు మళ్లీ నేర్చుకోవాలి, తెలియనిది అడగడంలో చిన్నతనం లేదు.