చుక్కమ్మ గుమ్మానికి తడిక

నాలో ఒక గొప్పగుణం ఉంది. నా చెవుల్ని ఎవరు మెచ్చుకున్నా కాదనను. ఎదుటివాళ్ళ మాట తీసేయడం మర్యాద కాదు గదా! ఏ బడికీ పోని గాడిదను, ఆ మర్యాద కూడా నాకు నేనే నేర్చుకున్నాను. తడికల పోటీకి నన్ను తీర్పరిగా పెట్టింది అందుకే.

మా ఏటి ఒడ్డు గుహలో చుక్కమ్మ అనే దుప్పి ఉంటుంది. ఓ వరదకి ఆమె చెల్లెలు అవతలి ఒడ్డున చిక్కుకుపోయి, అక్కడి మందలో కలిసిపోయింది. ఏడాదికొక్కసారి ఆ మంద కొండకు పోతూ ఎదురుగట్టు మీదుగా వెళ్తుంది. అప్పుడు చెల్లెలు "అక్కా" అని పిలుస్తుంది. చుక్కమ్మ కుంటుకుంటూ బయటికొస్తుంది. ఒకరినొకరు చూసుకుంటారు. అంతే. ఆ కాస్త కోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూస్తుంది.

నిరుడు ఆ పిలుపు వినపడలేదు. అంతా చిలకల మూలాన. గుమ్మం ముందు వాలి పొద్దస్తమానం ఒకటే కేకలు: "తోక నిగనిగలాడాలా? మా నూనె రాయండి!" "రండమ్మా రండి, ఈ నేరేడుపళ్ళు రేపటికుండవు!" రేపూ ఉంటాయి. ఎల్లుండీ ఉంటాయి.

"ఈ గోల ఆపే తడిక కావాలి," అంది చుక్కమ్మ. "నా చెల్లెలి గొంతు మాత్రం లోపలికి రావాలి. చేసిచ్చినవాళ్ళు నా చెలమలో ఏడాదంతా నీళ్ళు తాగొచ్చు."

గిజిగాడు గడ్డితో అల్లుకొచ్చాడు. నక్క తన తడికకి బంకమట్టి మెత్తుకొచ్చింది. పరీక్ష పద్ధతి కూడా అదే పట్టుకొచ్చింది.

"వంద చిలక కేకలు. మన గాడిద పెద్దన్న లోపల కూర్చుని లెక్కపెడతాడు. ఎక్కువ ఆపిన తడికదే గెలుపు. ఇంతేసి చెవులు ఈ అడవిలో ఇంకెవరికున్నాయి?"

నేను కాదనలేదు.

"పోటీకి దిగినవాళ్ళే ప్రశ్నలు రాసుకుంటారా?" అన్నాడు గిజిగాడు. "పోనీ, ఆ వందలో చెల్లెలి గొంతు లాంటిది ఒక్కటైనా కలపండి. రావాల్సింది వస్తోందో లేదో చూడొద్దా?"

"ఓడిపోయేవాడి మాటలు!" అంది నక్క.

"లెక్క తికమకవుతుంది నాయనా," అన్నాను నేను. నాకు వచ్చిందే వంద దాకా.

గిజిగాడి తడిక తొంభై రెండు ఆపింది. నక్క తడిక వెనక ఒక్కటీ వినపడలేదు. ఎంత వినపడలేదంటే, పరీక్ష అయిపోయిందని కూడా తెలియక నిద్రపోయాను. నక్కే వచ్చి లేపింది. వందకి వంద అని తీర్పు చెప్పాను. నక్క తడికే గుమ్మానికెక్కింది.

నెల తిరిగాక ఒక పొద్దున గుహ బయట మేస్తున్నాను. ఏటి అవతల నుంచి సన్నటి గొంతు. "అక్కా..." కాసేపాగి మళ్ళీ "అక్కా..." నాకెంత సంతోషమో! తడికని పరీక్షించే అవకాశం దానంతటదే వచ్చింది. గబగబా లోపలికి దూరి, తడిక మూసి, చెవులు రిక్కించాను. ఏమీ లేదు.

"చూశావా చుక్కమ్మా! బయట ఎవరో గొంతు చించుకుంటున్నా ఇక్కడ చీమ చిటుక్కుమనలేదు. నా తీర్పంటే తీర్పే!"

ఆమె తల పైకెత్తింది. "ఎవరు? ఏమంటున్నారు?"

"అక్కా అంటున్నారు."

నన్నూ తడికనూ కలిపి తోసుకుంటూ పోయింది. కుంటికాలు ఈడ్చుకుంటూ ఒడ్డుకు చేరేసరికి ఎదురుగట్టు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆ దుమ్ము అణిగిపోయేదాకా "చెల్లీ" అని అరుస్తూనే ఉంది.

నక్కని నిలదీశాను. "వందకి వంద ఇచ్చింది నువ్వే కదా పెద్దన్నా? చెల్లెలి సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు," అని చెలమలో మూతి పెట్టింది.

గిజిగాడు పిలవకుండానే వచ్చి తన తడిక కట్టి వెళ్ళాడు. ఇప్పుడు చిలకల కేకలు వందకి ఎనిమిది లోపలికొస్తున్నాయి. ఆ ఎనిమిదింటికీ చుక్కమ్మ ఉలిక్కిపడి ఏటి వైపు చూస్తుంది.

ఆపినదాన్నే లెక్కపెట్టే పరీక్షలో ఎప్పుడూ గోడే మొదటొస్తుంది.

నీతి చెప్పడం వచ్చింది. ఆమె దగ్గరికెళ్ళి ఏమని మాట్లాడాలో మాత్రం నాకింకా రాలేదు.