కాపలా మనిషి తాళాల గుత్తి

భిక్షువు కాకముందు నందియుడు విశాఖపట్నంలో సైన్‌బోర్డులు రాసేవాడు. కొట్టు గోడమీద పాత క్యాలెండరు బొమ్మ ఒకటి ఉండేది: రొట్టె కోస్తున్న ముసలామె. చీవరం కట్టాక అన్నీ వదిలాడు గానీ ఆ బొమ్మ మీద మోజు వదల్లేదు. అసలు చిత్రం బెల్జియంలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో ఉంది. ధర్మసభకని ఆ దేశం వెళ్ళినప్పుడు గురువు భద్రసేన భంతే అతన్ని అక్కడికి తీసుకెళ్ళారు. సాయంత్రమే తిరుగు రైలు. మళ్ళీ వచ్చే యోగం లేదు.

ఎండకు రంగులు వెలిసిపోతాయని అక్కడ కిటికీలన్నీ మూసే ఉంచుతారు. ఆ పూట వచ్చింది వీళ్ళిద్దరే. తాళాల గుత్తితో ఒక పెద్దాయన వెంటబడ్డాడు. ఏ గదికి వెళ్ళినా గుమ్మం పక్కన గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు. వీళ్ళు కదిలితే తనూ కదిలేవాడు.

నందియుడికి ఒళ్ళు మండింది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకున్నాడు. జోలె ముందుకు తిప్పుకుని, పెద్దాయనకు కనపడేలా పట్టుకున్నాడు.

"మన రంగూ బట్టలూ చూసి అనుమానం భంతే వీడికి. ఏదో ఎత్తుకుపోతామని."

"ఇందాకటి గదిలో ఏం చూశావు?"

"ఏం చూస్తాను? కళ్ళన్నీ వీడిమీదే. వీడు వెనకుంటే ఆ ముసలామెను కూడా చూడలేను. ఇక్కడే ఆగమనండి భంతే."

భంతే వెళ్ళి, నవ్వుతూ పెద్దాయనకు మూలనున్న కుర్చీ చూపించారు. ఆయన తెల్లబోయాడు. ఆఖరి గది వైపు చెయ్యి చూపి, తాళాలు ఆడించి, తన భాషలో ఏదో చెప్పబోయాడు. భంతే మళ్ళీ కుర్చీ చూపించారు. చేసేది లేక కూర్చున్నాడు.

"చూశారా, ఎంత గింజుకున్నాడో!" అంటూ నందియుడు గబగబా ఆఖరి గదిలోకి నడిచాడు.

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఇంతవరకూ దీపాలు వాటంతటవే వెలుగుతున్నాయనుకున్నాడు. గుమ్మం పక్కన గోడ తడిమాడు. స్విచ్చి లేదు. స్విచ్చి ఉండాల్సిన చోట తాళంచెవి దూరే రంధ్రం వేలికి తగిలింది.

కింద ఎక్కడో, మూసే వేళైందని గంట కొట్టారు.

"ఇప్పుడు మన వెనక ఎవరూ లేరు నందియా," అన్నారు భంతే. "చూసుకో."

నందియుడు సిగ్గుతో చచ్చిపోయాడు. వెనక్కి వచ్చి కుర్చీ ముందు తల వంచాడు. పెద్దాయన తాళాల గుత్తి తీసుకుని లేచి, ఆఖరి గది వైపు కదిలాడు.

జోలె ఆ కుర్చీలోనే వదిలేసి, నందియుడు ఆయన వెనకే నడిచాడు.