పరిమళమ్మ కాచిన తోడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పరిమళమ్మ అనే పునుగుపిల్లి ఉండేది. మడి విషయంలో ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. నేనెంత చదివానో మా ఇంట్లో పిల్లల్ని అడగండి. చెంబు కడిగిన చేతిని కడుక్కోవడానికి మళ్ళీ చెంబు కడిగే మనిషిని నేను.

పరిమళమ్మకి ఒక మట్టిపిడత ఉండేది. అందులో తోడు ఉండేది. రోజూ అడవిగేదె పాలు పోస్తే, కాచి, గోరువెచ్చగా చల్లార్చి, అందులో ఆ తోడు చెంచాడు కలిపేది. తెల్లారేసరికి గడ్డపెరుగు. ఆ పెరుగులోంచి చెంచాడు మళ్ళీ మర్నాటికి. వాళ్ళ అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన తోడు అది. ఒక్క పూటైనా తెగలేదు. ఏటా వనదేవత జాతరకి దద్దోజనం నైవేద్యం ఆ పెరుగుతోనే.

వాళ్ళ అమ్మమ్మ అడిగినవాళ్ళందరికీ తోడు ఇచ్చేది. పరిమళమ్మ అలా కాదు. అమ్మమ్మ బతికుండగానే, బురదలో పొర్లే అడవిపంది నూకాలు ఒకసారి తోడు కోసం వస్తే, దీపాలు పెట్టాక పెరుగు చెయ్యి దాటించకూడదని చెప్పి వెనక్కి పంపేసింది. నూకాలు నిలబడ్డ చోట పసుపునీళ్ళు కూడా చల్లింది.

జాతరకి ముందురోజు పొద్దున్నే, దేవాంగపిల్లి నేత్రయ్య మాస్టారు చెట్టుకింద సూక్ష్మదర్శిని పెట్టాడు. పిడికెడంత ఒళ్ళు, దానికి రెండు గుడ్లంత కళ్ళు ఆయనకి. కంటికి కనపడనివాటిని చూపిస్తాను రమ్మని అందరినీ పిలిచాడు. పరిమళమ్మ తన ఇంటి మంచినీళ్ళు ఒక చుక్క పట్టుకెళ్ళింది. శుభ్రమంటే ఏమిటో అందరూ చూస్తారని ఆవిడ ఆశ.

గాజులోంచి చూసి కొయ్యబారిపోయింది. చుక్కనిండా జనం. పచ్చపచ్చగా కొందరు, దారాల్లా కొందరు, పుల్లల్లా, పూసల్లా కొందరు. మధ్యలో ఒక ఆకారంలేనిది పాదం సాచుకుంటూ నడుస్తోంది.

"ఎవరు మీరు? నా నీళ్ళలోకి ఎప్పుడొచ్చారు?" అంది పరిమళమ్మ.

"మీ తాతల నాటినుంచీ ఉన్నామమ్మా. కాస్త పక్కకి జరుగుతారా, వెలుతురు రావడంలేదు" అంది ఆ ఆకారంలేనిది.

మాస్టారు ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు. పచ్చగా ఉన్నది నాచు. దారాలు బూజువి. పుల్లలూ పూసలూ బ్యాక్టీరియా. నడిచేది అమీబా, ప్రోటోజోవాల ఇంటిది. వైరస్ అని మరొకడున్నాడనీ, వాడు ఈ గాజుకి కూడా అందనంత చిన్నవాడనీ చెప్పాడు. బయట ఉన్నప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటాడట. ఎవరి ఒంట్లోనైనా దూరాడంటే తనలాంటివాళ్ళని ఆ ఒంటిచేతే వేలకొద్దీ చేయిస్తాడట.

"వీటిలో కొన్ని రోగాలు తెస్తాయి పరిమళమ్మా. కొన్నేమో..." అంటున్నాడు మాస్టారు.

ఆ రెండో మాటకి పరిమళమ్మ అక్కడ లేదు. సగం మాట విని మొత్తం పని చెయ్యడం నాకూ అలవాటే కాబట్టి ఆవిడ్ని ఏమీ అనను.

ఇంటికొచ్చి ముందు నీళ్ళకుండ పొయ్యిమీద పెట్టింది. మేం ఎండతో అన్నం వండుకుంటాం, చేపలకి పెడతాం అని నాచు చెప్పుకుంది. పరిమళమ్మ వినలేదు. అమీబా మాత్రం నసిగింది. "పిలవందే నేను ఎవరి కడుపులోకీ వెళ్ళనమ్మా. మీరే తాగుతారు. నొప్పి వస్తే మళ్ళీ నన్నే అంటారు" అంది. దాన్ని కాచడం మటుకు మంచి పనే.

తరవాత దోసెలపిండి. అందులో ఈస్టు, బ్యాక్టీరియా కలిసి పిండిని పొంగిస్తున్నాయి. ఈస్టు బూజుకి దగ్గరి చుట్టం. పరిమళమ్మ పిండిలో సలసల కాగే నీళ్ళు పోసింది. పెరట్లో రాలిన ఆకులమీద బూజుని కూడా చీపురుతో తరిమింది. మేం కుళ్ళబెట్టకపోతే ఆకులు నీ మెడదాకా వస్తాయమ్మా అని బూజు గొణుక్కుంది.

ఇంక మిగిలింది తోడు పిడత. మూత తీసేసరికి లోపలినుంచి సన్నటి గొంతులు వినిపించాయి.

"పరిమళా, మేమే. మీ ఇంటివాళ్ళమే. మీ అమ్మమ్మ మమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని ఈ అడవికి తెచ్చింది."

"మా ఇంట్లో పురుగులు ఉండవు" అని పరిమళమ్మ పిడతని పొయ్యిమీద పెట్టింది.

అది బుడబుడమని ఉడికింది. విరిగి, నీళ్ళు తేలింది. తరవాత ఆ ఉడికిన తోడునే నైవేద్యం పాలలో చెంచాడు వేసి, ఇల్లు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదని దండం పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం చూస్తే పాలు పాలే. సాయంత్రం చూసినా పాలే. చింతపండు వేస్తే ఒక గిన్నెలో పాలు విరిగిపోయాయి. నిమ్మరసం పిండితే రెండో గిన్నెలోవీ విరిగాయి. మిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుందని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చింది. వేసింది, కానీ ముందు వాటిని కూడా శుభ్రంగా ఉడకబెట్టి మరీ వేసింది.

చివరికి ఏడుస్తూ మాస్టారి దగ్గరికి పరిగెత్తింది. పాలని పెరుగు చేసేది ఆ తోడులోని బ్యాక్టీరియాయేనని అప్పుడు విన్నది. పొద్దున మిగిలిపోయిన సగం మాట అదే.

"మరి తెల్లారితే జాతర. అమ్మమ్మల తోడు నా చేతిమీదుగా పోయింది మాస్టారూ. ఇంకెక్కడైనా ఉందా?"

"మిగతా ఇళ్ళల్లో ఎప్పుడో తెగిపోయింది, ఒక్క ఇంట్లో ఉంది. నూకాలు పిల్లలకి కడుపులు చెడితే, నువ్వు ఇవ్వలేదని తెలిసి మీ అమ్మమ్మే వెళ్ళి ఇచ్చొచ్చింది. నూకాలు దాన్ని నేటివరకూ తెగనివ్వలేదు" అన్నాడు మాస్టారు.

పొద్దు కుంకింది. పరిమళమ్మ బురదగుంట గట్టున నిలబడింది. నూకాలు పిల్లల్ని పడుకోబెడుతోంది. విషయమంతా తల వంచుకుని చెప్పి, పరిమళమ్మ చెయ్యి చాపింది.

నూకాలు చివరి పిల్లని కూడా పడుకోబెట్టి లేచింది.

"దీపాలు పెట్టాక పెరుగు చెయ్యి దాటించకూడదు గదా అమ్మగారూ" అంది తరవాత.

పరిమళమ్మ వెనక్కి తిరిగింది.

"ఉండండమ్మా. మా ఇంట్లో దీపమెక్కడుంది?" అంది నూకాలు. దొప్పనిండా పెరుగు తెచ్చి చేతిలో పెట్టింది.

పరిమళమ్మ దొప్ప పట్టుకుని నిలబడిపోయింది. బురదింటి పెరుగు దేవతకి పెట్టొచ్చా అని మనసులో ఒక పాత గొంతు ఇంకా గొణుగుతూనే ఉంది. అంతలో దొప్పలోంచి సన్నగా వినిపించింది.

"పరిమళా, ఇంత చిక్కిపోయావేమే?"

అచ్చం అమ్మమ్మ పిలుపే. పరిమళమ్మ ఏడవబోయి నవ్వేసింది. "నీళ్ళలోవాళ్ళనీ, పాలలోవాళ్ళనీ, ఈ బురదగట్టుమీద మిమ్మల్నీ అందరినీ కలిపి కాచేశాను నూకాలూ. నా తలకాయ ఒక్కటే పచ్చిగా మిగిలింది" అంది.

మర్నాటికి గేదె పాలు గడ్డగా తోడుకున్నాయి. దద్దోజనం గిన్నెని పరిమళమ్మ ఒక పక్కా, నూకాలు ఒక పక్కా పట్టుకుని దేవత ముందు పెట్టారు. మిగిలిన పెరుగు అడవిలో ఇంటింటికీ తోడుగా వెళ్ళింది. దీపాలు పెట్టాక వచ్చినవాళ్ళకి కూడా పరిమళమ్మ కాదనలేదు.

నీళ్ళు కాచి తాగడం మాత్రం మానలేదు. చేతులు కడుక్కోవడమూ మానలేదు. అమీబా ఇప్పటికీ పిలుపు కోసం ఎదురుచూస్తోందట. నేనూ ఈ కథ చెప్పడం అయింది కాబట్టి, లేచి పాలల్లో తోడు వెయ్యాలి. ముందు చెంబొకటి కడుక్కుని.

నీతి: అందరినీ ఒకే గిన్నెలో వేసి కాచకూడదు, ఎవరేం చేస్తారో తెలుసుకున్నాకే, ఎవరిని ఉంచుకోవాలో ఎవరిని పంపాలో తేల్చుకోవాలి.