మినుము ఉచ్చ, వరాలయ్య పరువు

చింతలవాగు అడవిలో జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, అడవిపందులు ఉండేవి. ఉచ్చ గురించి కథ చెబుతున్నానని కిసుక్కుమనకండి. నవ్వేంత ఓపిక నాకు లేదు, కథలో ఉన్న దుంపమ్మకు అంతకన్నా లేదు.

దుంపమ్మ అడవిపంది. ఆమె మొగుడు వరాలయ్య. పొద్దస్తమానం మీసాలు దువ్వుకుంటూ, అడవిలో పందులన్నిటికీ పెద్దను తానేనని చెప్పుకునేవాడు.

ఒకరోజు షికారుకొచ్చిన మనుషులు ఒక చిన్న నల్లటి జంతువును వాగు ఒడ్డున వదిలేసి చక్కా పోయారు. "పాపం గినీ పంది, ఎలా బతుకుతుందో!" అని పోతూ పోతూ ఒక పిల్ల అంది. పొద చాటునున్న వరాలయ్య చెవిలో 'పంది' అన్న ఒక్క మాటే పడింది.

"ఒసేయ్, మావాడే! మా పందుల పిల్లే!" అంటూ దాన్ని ఇంటికి తెచ్చి, బురదలో పడుకోబెట్టాడు. అది గజగజ వణికింది.

"ఏమండీ, దీనికి బురద పడేట్టు లేదు," అంది దుంపమ్మ.

"పందికి బురద పడకపోవడమేమిటే? నీకేం తెలుసు, ఊరుకో!"

ఆయన అటు వెళ్ళగానే దుంపమ్మ దాన్ని తీసి ఎండుగడ్డి మీద పడుకోబెట్టింది. మినుము అని పేరు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే తడిసిన గడ్డి తీసి కొత్తది పరిచేది. అప్పటికే ఆమెకు ఏడుగురు పిల్లలు. నడుం పడిపోయేది. అయినా మినుము వచ్చి మూతికి మూతి ఆనిస్తే చాలు, ఆమె ప్రాణం లేచొచ్చేది.

ఒక పొద్దున ఉచ్చ తడి ఆరిన చోట తెల్లటి పొడి కనిపించింది. దుంపమ్మ హడలిపోయి ముళ్ళపంది సూదమ్మ దగ్గరికి పరిగెత్తింది. సూదమ్మ ఒకప్పుడు మనుషుల జంతుశాలలో, గినీ పందుల పక్క గదిలో బతికిన ముసలిది.

"కంగారు పడకు," అంది సూదమ్మ. "వీటి ఉచ్చ లేత పసుపుగా, కొంచెం మబ్బుగా ఉంటుంది. ఆరితే పలచగా తెల్లపొడి మిగులుతుంది. ముట్టుకుంటే ఇసుకలా గరగరలాడితేనే భయపడాలి."

ఇంకోసారి ఉచ్చ ఎర్రగా కనిపించింది. దుంపమ్మ లబోదిబోమంది. తీరా చూస్తే, మనుషులు పారేసిన బీట్‌రూట్ తొక్కలను వరాలయ్యే దానికి తినిపించాడు. ఆ రోజంతా గడ్డే పెడితే మర్నాటికి రంగు మామూలైంది.

"చూశావా! ఊరికే గగ్గోలు పెడతావు!" అని వరాలయ్య అడవంతా తిరిగి భార్యను ఆటపట్టించాడు. దుంపమ్మ సిగ్గుతో చితికిపోయింది.

కొన్నాళ్ళకు గడ్డి మీద మళ్ళీ ఎర్రటి మరక కనిపించింది. మినుము వీపు పైకెత్తి ముడుచుకుని కూర్చుంది. ఉచ్చ పోసినప్పుడల్లా కీచుమని ఏడుస్తోంది. మేత ముట్టడం లేదు.

"ఏమండీ, నెత్తురు పడుతోందండీ."

"బీట్‌రూటే."

"బీట్‌రూట్ ఎక్కడిదండీ? వారం నుంచి మనుషులే రాలేదు!"

"అయితే మొన్నటిది కడుపులో మిగిలుంటుంది."

"సూదమ్మక్కను ఒక్కసారి అడిగొస్తాను."

వరాలయ్య గుర్రుమన్నాడు. "పందుల సంగతి ముళ్ళదాన్ని అడుగుతావా? నా పరువేం కావాలి? మావాడి సంగతి నాకు తెలీదా? గడప దాటావంటే చూడు!"

దుంపమ్మకు ఏడుపొచ్చింది. పోట్లాడే ఓపిక లేక ఊరుకుంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎందుకు ఊరుకుంది? ఊరుకునే వాళ్ళందరూ ఎందుకు ఊరుకుంటారో ఆమె కూడా అందుకే ఊరుకుంది.

మర్నాడు పొద్దున గడ్డి పొడిగా ఉంది. ఒక్క చుక్క కూడా పడలేదు. మినుము పొట్ట బిగుసుకుపోయింది. దుంపమ్మ ఇక మొగుణ్ణి అడగలేదు. దాన్ని వీపు మీద వేసుకుని సూదమ్మ గూటికి వెళ్ళింది.

సూదమ్మ పొట్ట తడిమి చూసి తల పట్టుకుంది. "లోపల రాయి అడ్డం పడినట్టుంది. ఎర్రటి చుక్క పడి, ఏడుపూ తోడైన రోజే తేవాల్సింది కదమ్మా! పద, వాగు అవతల జంతువుల డాక్టరు ఉన్నాడు. ఆయన గుమ్మంలో పెడదాం."

ఇద్దరూ వాగులోకి దిగారు. సగం దాటేసరికి దుంపమ్మ వీపు మీద మినుముకు ఊపిరి ఆడటం ఆగిపోయింది.

సాయంత్రం వరాలయ్య అడవినంతా పోగేసి బావురుమన్నాడు. "అయ్యో, మావాడు పోయాడు! మా పందుల బిడ్డ పోయాడు!"

సూదమ్మ విసుగ్గా లేచింది. "అది పంది కాదు వరాలయ్యా, పేరుకే పంది, ఎలుకల జాతిది. ముళ్ళపంది అని నా జాతి పేరులోనూ పంది ఉంది, నేను పందినా? పోనీ, నీవాడే అనుకుందాం. నీవాడైతే ఆ గడ్డి మీదికి ఒక్కసారైనా వంగి చూసేవాడివి."

వరాలయ్య మళ్ళీ బావురుమన్నాడు. జింకలు, కుందేళ్ళు ఆయన్ని ఓదార్చకుండానే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పెద్దా అని పిలవలేదు. దుంపమ్మ కూడా పిలవలేదు.

నీతి: మనవాళ్ళని గొప్పగా చెప్పుకుంటే చాలదు, నోరులేని ప్రాణి ఒంట్లో మార్పు కనిపించిన రోజే, పరువు పక్కన పెట్టి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి.