అయిదు దీపాల తీర్పు

చింతలదుర్గం అనే ఒకానొక రాజ్యంలో ప్రతాపకేతు మహారాజుగారి ఏలుబడి చల్లగానే సాగేది. ఆయనతో చిక్కల్లా ఒక్కటే. ఆటైనా నాటకమైనా సరే, తమంత తీర్పరి భూమ్మీద లేరనుకునేవారు.

అందుకోసం ఒక పద్ధతి కూడా స్వయంగా కనిపెట్టారు. రంగం మీద అయిదు దీపాలు వెలిగించాలి. ఏదైనా నచ్చకపోతే రాజుగారు చిటికె వేస్తారు, భటుడు ఒక దీపం ఆర్పేస్తాడు. చివరికి ఎన్ని మిగిలితే ఆ ప్రదర్శనకు అంత విలువ. ఒక్కటీ మిగలకపోతే ఆ మేళం పొలిమేర దాటిపోవాలి, మళ్లీ ఈ రాజ్యంలో అడుగు పెట్టకూడదు.

వినడానికి బాగానే ఉంది కదా. కానీ ఒక దీపం ఆరగానే ఆట మసకబారేది. మసకగా ఉందని రాజుగారు ఇంకో చిటికె వేసేవారు. మొన్నటి కుస్తీలో మల్లులిద్దరూ చీకట్లో ఒకరినొకరు వెతుక్కుని, ఆఖరికి ఇద్దరూ కలిసి పందిరి గుంజను పట్టుకుని పడగొట్టారు. పట్టులో పస లేదని రాజుగారు తేల్చేశారు. కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆస్థాన విదూషకుడు ఓబన ఒక జాతరలో సుంకమ్మ తోలుబొమ్మలాట చూసి మురిసిపోయి, మా రాజుగారి ముందు ఆడమని పిలిచాడు. ఆ ముసలమ్మ పిల్లాజెల్లాతో బండి కట్టుకుని వచ్చింది. వచ్చాక దీపాల సంగతి విని బెంబేలెత్తిపోయింది.

"సామీ, తెర వెనక దీపముంటేనే మా బొమ్మకు ప్రాణం. అది ఆర్పితే ఇంక ఆటేముంది? ఈ రాజ్యంలో ఊళ్లు తిరిగే కదా మేం బతికేది."

పిలిచి మరీ వాళ్ల నోటి దగ్గర కూడు తీసేశానే అనుకున్నాడు ఓబన.

"బొమ్మల సంగతి నువ్వు చూసుకో అవ్వా. దీపాల సంగతి నాకొదిలెయ్" అని తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు.

"మహాప్రభూ, తమరు తీసేసిన దీపాన్ని ఆర్పెయ్యడం నాకేం నచ్చలేదు. ఆటగాళ్ల దగ్గర తగ్గిన వెలుగు తీర్పరికి చెందాలి కదా. దాన్ని తెచ్చి తమ ఆసనం వెనక దీపపు సెమ్మె మీద పెడితే ఎంత శోభగా ఉంటుంది."

రాజుగారు ఉబ్బిపోయారు. "ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు?"

"తమరికి పెద్దవే తడతాయి ప్రభూ" అన్నాడు ఓబన.

చీకటి పడగానే రాజుగారూ, పక్కన రాజమాతా వచ్చి కూర్చున్నారు. తెర వెనక అయిదు దీపాలూ వెలిగాయి, ఆట మొదలైంది. తెర మీద రాక్షసుడు లేచాడు. కోర పొట్టిగా ఉందని చిటికె. రాకుమారి మరీ ఏడుస్తోందని చిటికె. ఏడుపు ఆపేసిందని ఇంకో చిటికె. పాట సాగిందని ఒకటి, మసకగా ఉందని ఒకటి. అయిదు దీపాలూ వచ్చి రాజుగారి వెనక సెమ్మె మీద చేరాయి. తెర వెనక సుంకమ్మ బొమ్మలు దించేసింది.

కానీ తెర చీకటి పడలేదు. దాని మీద కొండంత ఆకారం ఒకటి ప్రత్యక్షమైంది. నెత్తిన తురాయి, మెలితిరిగిన మీసం, బానలాంటి పొట్ట.

రాజుగారు ముందుకు వంగారు. ఆ బొమ్మా వంగింది. ఆయనకు ఫక్కున నవ్వొచ్చింది. బొమ్మ పొట్ట కదిలింది. "ఏం పొట్టరా నాయనా, ఏం వాలకం" అంటూ ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుంటే, జనం నోట్లో పైగుడ్డ కుక్కుకున్నారు.

"ఇన్నాళ్లకు బొమ్మంటే బొమ్మను చూశాను. అయిదు దీపాలూ వీళ్లకే" అన్నారు రాజుగారు.

"మాట ఇచ్చినట్టేనా ప్రభూ?" అన్నాడు ఓబన.

"నా మాటకు తిరుగులేదు. ఇంతకీ ఈ బొమ్మను చేసిందెవరు? ఘనంగా సన్మానిస్తాను."

ఓబన చేతులు జోడించాడు. "రాజమాతగారు, మహాప్రభూ. తమ పక్కనే కూర్చున్నారు."

రాజుగారు మెల్లగా చెయ్యెత్తి మీసం తడుముకున్నారు. బొమ్మా తడుముకుంది.

"నేను చేసినప్పుడు ఇంత పొట్ట లేదు నాయనా" అన్నారు రాజమాత.

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఓబన మెడ తడుముకున్నాడు. అంతలో ఆ పొట్ట మళ్లీ కదిలింది. ఈసారి ఆ బొమ్మ తామేనని తెలిసే నవ్వారు రాజుగారు. ఇక జనాన్ని ఆపడం ఎవరి తరం?

దీపాలు తెర వెనక్కి వెళ్లాయి, ఆట మొదటినుంచీ మళ్లీ ఆడారు. రాజుగారు వేళ్లు ఊరుకోవేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని చివరిదాకా చూశారు. రాకుమారి ఏడిస్తే తామూ ఏడ్చారు. సుంకమ్మకు శాలువా కప్పి, రాజ్యంలో ఏ ఊళ్లోనైనా ఆడుకోమన్నారు. ఆట ముగిశాకే తీర్పు చెప్పాలన్న నియమం ఆ పూటే పెట్టారు.

తరవాత చేతి కడియం తీసి ఓబనకు తొడిగారు. "నీ చమత్కారానికి నాలుగు దీపాలు."

"చిత్తం. ఆ అయిదోది ఎందుకు తగ్గింది ప్రభూ?"

"నీడలో పొట్ట ఉన్నదానికంటే పెద్దగా పడింది."

పక్కన రాజమాత చిన్నగా దగ్గారు.

"సరేలే, అయిదూ నీకే" అన్నారు రాజుగారు, ఉత్తరీయం ముందుకు లాక్కుంటూ.